లంక చుట్టా, నల్ల బీరూ

షెర్లాక్ హోమ్స్‌కి మన గోదావరి లంక చుట్ట తెలుసు. నమ్మలేకపోతే 1890లో వచ్చిన ‘ద సైన్ ఆఫ్ ఫోర్’ మొదటి అధ్యాయం తిరగేయండి. 140 రకాల పొగాకు బూడిదల మీద తానొక గ్రంథం రాశానని వాట్సన్ దగ్గర గొప్పలు పోతూ, హంతకుడు కాల్చింది ఇండియా ‘లుంకా’ అని తేలిందా, ఇక వెతకవలసిన మనుషులు కొద్దిమందేనంటాడు. లుంకా ఏమిటో తెలియక లండన్ పాఠకులు తల గోక్కునే ఉంటారు. అంతకు నాలుగేళ్ళ ముందే అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో మాత్రం దాని చిరునామా ఉంది. గోదావరి డెల్టా లంకల్లో పండిన ఆకుతో చుట్టిన ఘాటైన చుట్ట అని, మద్రాసు రాజధానిలో దానికి మంచి గిరాకీ అని. ఆ నిఘంటుకర్తల్లో ఒకడైన బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి, తంజావూరులో జడ్జీ చేసినవాడు. చుట్టల సంగతి అతనికి ఒకరు చెప్పాలా?

ఈ ముక్క దొరికాక ఊరుకోబుద్ధి కాలేదు. చుట్ట సరే, పక్కన గ్లాసులో ఏముండేది? దానికీ హోమ్స్ దగ్గరే జవాబు దొరికింది. 1891 నాటి ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’లో అతను గుర్రాలవాడి వేషం కట్టి, సావిట్లో గుర్రాలకు మాలిష్ చేస్తాడు. కూలి కింద ముట్టింది రెండు పెన్నీలు, పైపుకి రెండు దట్టింపుల పొగాకు, ఒక గ్లాసు ‘హాఫ్ అండ్ హాఫ్’. అంటే సగం ఏలు, సగం పోర్టరు కలిపిన బీరు. పోర్టరంటే ఇవాళ్టి స్టౌట్ లాంటి నల్ల బీర్లకి తాత. చెన్నైలో ఇప్పుడు సిగారుకి నల్ల క్రాఫ్ట్ బీరు జోడీ కట్టి, అదేదో నిన్న రాత్రి విమానంలో దిగిన నాగరికత అన్నట్టు మాట్లాడే కుర్రవాళ్ళకి ఈ గుర్రపుసావిడి కూలి లెక్క ఒకసారి చూపించాలని నా కోరిక.

పొగాకు పుట్టుకతో మనది కాదు. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. బిజాపూరులో దాన్ని చూసి ముచ్చటపడ్డ మొగలు దూత అసద్ బేగ్ 1604 ప్రాంతంలో అక్బరు కొలువుకి పట్టుకెళితే, హకీములు వద్దు వద్దంటున్నా పాదుషా ఒకటి రెండు దమ్ములు లాగాడు. ఆ తర్వాత మనవాళ్ళు ఎంత వేగంగా అలవాటు పడ్డారో చెప్పే సాక్షి థామస్ బౌరీ. 1669లో మద్రాసులో దిగిన ఇంగ్లీషు నావికుడు. ఇక్కడి బీదాబిక్కీ ఆకుని ఊరికే చుట్టి, ఒక కొస వెలిగించి, రెండో కొస పెదాల మధ్య పెట్టుకుంటారని రాసుకున్నాడు. ఆ జనంలో ముందుగా పేరెత్తింది ‘జెంటూ’లని. అప్పటి మద్రాసు ఇంగ్లీషువాళ్ళ లెక్కలో జెంటూలంటే తెలుగువాళ్ళు. అంటే సెయింట్ జార్జి కోట కట్టిన ముప్పై ఏళ్ళకే చుట్టతో చరిత్రకెక్కాం. ‘కన్యాశుల్కం’లో గిరీశం వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పడానికి ఇంకా రెండు వందల ఏళ్ళకు పైగా ఉంది.

ఆ రెండు వందల ఏళ్ళలో పోర్టరు ఒక్కటి తప్ప మిగతాదంతా నేను దాటేస్తున్నాను. సారాయీ, షిరాజు ద్రాక్షసారా, పంచ్ ఇళ్ళ గొడవలూ ఎవరికి కావాలి?

పోర్టరు సంగతికి వద్దాం. 1720ల లండన్‌లో మూటలు మోసే హమాలీల దాహం తీర్చిన బీరిది. పేరు కూడా వాళ్ళ వృత్తిదే. మొదట్లో కట్టెల మంట మీద ఎండబెట్టిన గోధుమరంగు మాల్టుతో కాచేవారు. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన కాఫీ గింజల్ని వేయించినట్టు డ్రమ్ములో మాల్టు మాడ్చే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అక్కణ్ణించి బీరు నిజంగా నల్లబడింది. మద్రాసులో ఇంగ్లీషు బీరనగానే అందరూ పేల్ ఏలు కథే చెబుతారు. అది దొరల బల్ల మీది సీసా. బారకాసుల్లో తెల్ల సిపాయికి పోసింది పోర్టరు. 54 గ్యాలన్ల పీపాలు, అంటే దాదాపు 245 లీటర్లు, ఆఫ్రికా కొనంతా చుట్టుకుని నెలల తరబడి ప్రయాణం చేసి మద్రాసు ముందు నిలిచేవి. రేవు లేదు మరి. ఓడ దూరంగా లంగరు వేస్తే, మేకు అన్నది లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలల మీదుగా ఎదురెళ్ళాలి. కెరటం విసిరినప్పుడల్లా ఆ కుట్లు వంగుతాయి, పడవ విరగదు. లండన్ బీరు మద్రాసు ఒడ్డు ఎక్కిందంటే అది మన పడవవాళ్ళ చలవే.

అసలు నాకిష్టమైన కాలం ఇక్కడ మొదలవుతుంది. 1880 నుంచి 1915 వరకు. ఈ ముప్పై అయిదేళ్ళ గురించి చెప్పమంటే రాత్రంతా చెబుతాను.

1863లో డ్యూరాంట్, స్పెన్సర్ అనే ఇద్దరు మౌంట్ రోడ్డులో చిన్న కొట్టు పెట్టారు. 1882లో అది యూజీన్ ఓక్‌షాట్ చేతిలో పడింది. 1895 నాటికి పోగ్సన్ గీసిన ఎర్ర ఇటుకల ఇండో-సారసెనిక్ భవనంలోకి మారి, మద్రాసులో దొరకని వస్తువు లేదనిపించుకుంది. స్పెన్సరు కంపెనీ సిగార్లు దిండిగల్లులో సొంత ఫ్యాక్టరీలో తయారయ్యేవి. అదే కంపెనీ విదేశీ మద్యం అమ్మేది, రైల్వే భోజనశాలలు నడిపేది. ఓక్‌షాట్ 1891లో కొన్న కన్నెమరా హోటలు అక్కడికి అడుగుల దూరం. చుట్టకీ గ్లాసుకీ జోడీ కుదిర్చే నిపుణుల అవసరం అప్పుడు ఎవరికీ లేదు. రెండూ ఒకే బిల్లు మీద వచ్చేవి. 1896లో బెంగుళూరు దండులో కుర్ర అధికారిగా ఉన్న చర్చిల్ ఇక్కడి సిగార్లకే మరిగాడని తమిళనాట గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాటని నేను సగం నమ్మి, సగం ముచ్చటగా వింటాను.

తిరుచిరాపల్లి చుట్ట పేరు అంతకంటే పెద్దది. ఉరయ్యూరు వీధుల్లో చుట్టేవారు. 1887 నాటి మొదటి హోమ్స్ నవలలో హంతకుడి గురించి దొరికిన ఆనవాళ్ళలో దాని బూడిద ఒకటి. నల్లగా, పొరలు పొరలుగా రాలుతుందట. ఇందులో కట్టుకథ ఎంత? ఆకులో మెగ్నీషియం దండిగా ఉంటే బూడిద తెల్లగా వస్తుంది, క్లోరైడు ఎక్కువైతే ఆకు సరిగ్గా కాలక నల్లగా మిగులుతుంది. ఆ చుట్టకి ఆకు పండిన దిండిగల్ మెట్టల ఉప్పునీటి బావుల ప్రతాపమే ఆ నల్ల బూడిదని నా ఊహ. అప్పటికి డాయిల్ ఇండియా మొహం చూడలేదు గాని, అతను ఇరికించిన వివరం మట్టిలోంచి వచ్చిందే.

లంక ఆకుది మరో కథ. వరదకి లంక మునుగుతుంది. గోదావరి తగ్గాక వేలెడు మందాన కొత్త ఒండ్రు మిగులుతుంది. ఎరువు అక్కర్లేని ఆ నేలలో నారు వేసి, తల తుంచి, పిలకలు గిల్లి, ముదిరిన ఆకుని తోరణాల్లా కుట్టి పందిళ్ళలో గాలికి ఆరేస్తారు. నిప్పు సెగ తగలనివ్వరు. ఆ తర్వాత మండె వేస్తారు. కుప్పలో చెయ్యి పెడితే లోపల వేణ్ణీళ్ళంత వేడి తగులుతుంది, ముక్కు పగిలే అమోనియా వాసన కొడుతుంది. అదంతా పోయేదాకా మండె తిరగేస్తూ ఉండాలి. కాకినాడ రేవునుంచి ఈ ఆకు రంగూన్‌కి కూడా వెళ్ళేది. కిప్లింగ్ కవిత్వంలోకెక్కిన బర్మా చుట్టల పొట్టలో కొంత గోదావరి ఉండేదన్నమాట. పేరు మాత్రం బర్మాదే.

చుట్టకీ నల్ల బీరుకీ జోడీ ఎందుకు కుదురుతుందో కూడా ఈ మండెలోనే ఉంది. అక్కడ మగ్గిన ఆకులో చక్కెర దాదాపు మిగలదు. చుట్ట పొగ క్షారం, నాలిక పిడచగట్టిస్తుంది. పేల్ ఏలు తాగితే హాప్స్ చేదు దాని చేదుకి తోడై నోరు మరీ పాడవుతుంది. మాడిన మాల్టులో కాఫీ, చాక్లెట్ల వాసనా, అడుగున కాస్త తీపీ ఉంటాయి. అవి ఆ క్షారాన్ని లొంగదీస్తాయి. దొరలు క్లారెట్టుతో సిగారు కాలుస్తూ కులికిన రోజుల్లో, పోర్టరు తాగి చవక చుట్ట లాగిన సిపాయే రుచి ఎరిగినవాడు. ఇప్పుడు ఆ సిపాయి రుచికే డబ్బున్నవాళ్ళు వేలు పోస్తున్నారు.

ఒక్క చుట్టకి మాత్రం ఏ బీరూ పనికిరాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆడవాళ్ళు కాల్చే అడ్డపొగ. వెలుగుతున్న కొస నోట్లోపల పెట్టుకుంటారు. గాలికి ఆరదు, వానకి తడవదు, రెండు చేతులూ పనికి ఖాళీ. అంగిటి కాన్సరు ఆ ప్రాంతంలోనే ఎందుకు ఎక్కువో విశాఖ వైద్యులు ఏనాడో పట్టుకున్నారు. ఘాటు గురించి ఇంత మురిసిపోయి రాసి, ఆ ముక్క రాయకపోతే తప్పు.

బీరు కూడా ఇక్కడే కాచుకోవడం మొదలైంది. యునైటెడ్ బ్రూవరీస్ తన వంశవృక్షంలో నీలగిరుల్లోని 1857 నాటి క్యాజిల్ బ్రూవరీని మూలపురుషుడిగా చూపిస్తుంది. కొండల చల్లదనం పులియబెట్టడానికి సాయం. పీపాలు ఎద్దుబండ్ల మీద దండులకి వెళ్ళేవి. 1915లో స్కాట్లండువాడు థామస్ లీష్‌మన్ అయిదు బ్రూవరీల్ని కలిపి ఆ కంపెనీ కట్టాడు.

ఆ తర్వాతంతా పతనమే. 1920ల్లో గుంటూరు జిల్లాలోకి వర్జీనియా పొగాకు దిగింది. ఊళ్ళ నిండా బ్యారన్లు లేచాయి, డబ్బంతా పసుపు ఆకు చుట్టూ తిరిగింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనాసంస్థ వచ్చేసరికి లంక ఆకు ముసలాళ్ళ చెవి సందున ఇరికించిన చుట్టముక్కకి దిగజారింది. డార్జిలింగ్ తేయాకుకి తోట పేరు చెప్పి ధర కట్టే లోకంలో, ఏ లంక ఆకు ఎలాంటిదో వాసనతో చెప్పగలిగిన వర్తకుల నేర్పుని మనం చేతులారా పోగొట్టుకున్నాం. నాకు దీని మీద ఉన్న కోపం ఇంకా తగ్గలేదు.

గ్లాసుకి తగిలిన దెబ్బ వేరు. రాజాజీ 1937లో సేలంలో పెట్టిన మద్యనిషేధం 1948కి మద్రాసు నగరాన్ని కూడా చుట్టేసింది. 1971లో ఎత్తేశారు, 1974లో మళ్ళీ పెట్టారు, 1981లో మళ్ళీ ఎత్తేశారు. ఈలోపు నల్ల బీరు అంటే ఏమిటో మరచిన ఒక తరం పెరిగిపోయింది. 1980ల మొదట్లో స్పెన్సరు పాత భవనం అగ్నికి ఆహుతైంది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడన్న సామెత ఉంది గదా, ఆ భవనం తలచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది సిగార్ల కౌంటరే. నన్ను మీరు ఏమన్నా పడతాను. అక్కడ ఇప్పుడున్నది మాలు.

ఇక ఇవాళ్టి జోడీ. హైదరాబాదులో 2015 తర్వాత పబ్బులోనే బీరు కాచే మైక్రోబ్రూవరీలు వచ్చాయి, బెంగుళూరులో ఇంకా ముందే ఉన్నాయి. అక్కడి స్టౌట్లలో మంచివి తగులుతాయి. అయినా పాత మద్రాసు రుచికి దగ్గరిది పాక్ జలసంధికి అవతల ఉంది. నువరెలియ కొండల్లో పుట్టిన శ్రీలంకవాళ్ళ లయన్ స్టౌట్. వలసపాలన వెళ్ళినా వాళ్ళు నల్ల బీరుని వదల్లేదు. అందుకు నాకు వాళ్ళంటే అసూయ.

దొరికినా చెన్నై బార్లో రెండూ కలవవు. 2008 నిబంధనల ప్రకారం పబ్లిక్ స్థలాల్లో పొగ నిషేధం. ముప్పై, అంతకు పైగా సీట్లున్న రెస్టారెంట్లకీ, ముప్పై గదుల హోటళ్ళకీ విడిగా స్మోకింగ్ గది పెట్టుకునే వీలుంది. 2017 సవరణ ప్రకారం ఆ గదిలో తిండీ తాగుడూ ఏదీ వడ్డించకూడదు. బీరు బల్ల దగ్గర ఉంటుంది, సిగారు గాజుగదిలో ఉంటుంది, మనిషి మధ్యలో తిరుగుతుంటాడు. కాబట్టి లయన్ స్టౌట్ కొలంబో నుంచి వచ్చే చుట్టాన్ని అడగండి, చుట్టకి రాజమండ్రి బండెక్కండి, సొంత డాబా మీద కూర్చోండి. పక్కింటివాళ్ళ కిటికీలు గాలివాటుకి ఎటున్నాయో మాత్రం ముందే చూసుకోండి. లంక ఆకు ఘాటు గోడలకి ఆగదు.