వేళ్ల కసరత్తు నుంచి కచేరీకి: గిటారు ఎట్యూడ్ చరిత్ర

గిటారుకు ఆరు విడి తీగలు స్థిరపడినది 18వ శతాబ్దం చివర. అంతకుముందు స్పెయిన్, ఇటలీలలో అయిదు వరసల తీగల గిటారు ఉండేది. పాటకు తోడుగా దాన్ని వాయించాలంటే పెద్ద సాధన అక్కర్లేదు. ఒక్కో కార్డుకు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపుకు, ఒక అక్షరం గుర్తుగా పెట్టి, ఆ అక్షరాలను పాట మాటల మీద వేసేవారు. వాటిని చూస్తూ తీగలన్నీ కలిపి మీటుకుంటూ పోవడమే. గాస్పర్ సాన్జ్ 1674లో సరగోసాలో అచ్చువేయించిన బోధన గ్రంథం దీనితోపాటు ఒక్కొక్క తీగనూ విడిగా మీటడం కూడా నేర్పింది. అందులోనూ పాఠం చాలావరకు నృత్య బాణీల రూపంలోనే నడుస్తుంది.

ఆరు తీగలతో ఆశ పెరిగింది. పైన రాగం, అడుగున మంద్ర స్వరం, నడుమ తోడు స్వరాలు, ఈ మూడూ ఒక్కరే పలికించాలి. అందుకు కుడిచేతి బొటనవేలు ఒక దారిన, మిగతా వేళ్లు మరో దారిన నడవాలి. ఇటలీలో పుట్టి 1806లో వియన్నా చేరిన మౌరో జూలియాని 1812 నాటి తన బోధన గ్రంథంలో దీనికోసం 120 ఆర్పెజియోలు కూర్చాడు. ఆర్పెజియో అంటే కార్డులోని స్వరాలను ఒకదాని వెంట ఒకటి మీటడం. ఆ 120కీ ఆధారం రెండే కార్డులు, సి మేజర్, జి సెవెంత్. ఎడమచేతికి పని తగ్గించి, ధ్యాసంతా కుడిచేతి మీదికి మళ్లించిన తెలివైన ఏర్పాటు ఇది. నేటికీ వాటిని సాధన చేస్తారు, కానీ సరదాకు వాయించుకునేవారు అరుదు.

1820లలో పారిస్‌ను గిటారు పిచ్చి పట్టింది. షార్ల్ ద మారెస్కో ఆ పిచ్చి మీద ఏకంగా ఒక బొమ్మల పుస్తకమే వేశాడు. గిటారు గురువులు కారుల్లి, మోలినోల శిష్యులు రెండు పక్షాలై గిటార్లతో కొట్టుకునే బొమ్మ అందులోదే. ఇళ్లలో నేర్చుకునే ఔత్సాహికులే గురువులకు బతుకుతెరువు, అచ్చు పుస్తకాలు కొనేదీ వారే. ఎట్యూడ్లు, అంటే సాధన పాఠాలు, వినసొంపుగా మారడంలో ఈ గిరాకీ పాత్ర తక్కువేమీ కాదు. ఫెర్దినాందో కారుల్లి గురుశిష్యులు కలిసి వాయించే ద్వయాలు రాశాడు. శిష్యుడి భాగం తేలిక, గురువు వాటా కలిస్తే మాత్రం నిండైన సంగీతం.

అసలు మలుపు ఫెర్నాందో సోర్‌ది. 1778లో బార్సిలోనాలో పుట్టి, మోంట్సెరాట్ మఠంలోని గాయక పాఠశాలలో చదివాడు. గిటారును కూడా కొన్ని గొంతులు కలిసి పాడే బృందంలాగే చూశాడు. 1813లో స్పెయిన్ విడిచి పారిస్, లండన్, మాస్కోలు తిరిగి, మళ్లీ పారిస్ చేరి అక్కడే 1839లో మరణించాడు. లండన్‌లో వెలువడిన ఓపస్ (రచన సంఖ్య) 6 మొదలుకొని చివరి రోజుల నాటి ఓపస్ 60 దాకా ఆయన రాసిన పాఠాలు వందకు పైనే. ఓపస్ 35లోని 22వ పాఠం వినేవారికి బి మైనర్‌లో దిగులుగా సాగే చిన్న రచన. వాయించేవారికి మాత్రం, ఆగని స్వరాల వరసలోంచి రాగపు స్వరాన్ని మాత్రమే పైకి తేల్చే పరీక్ష. కర్ణాటక సంగీతంలో వర్ణం చేసే పని ఇలాంటిదే, సాధనకు సాధన, కచేరీకి కచేరీ. ఇంత చేసీ సోర్ తేలిక పాఠాలు కొన్ని తేలిక కావు, కొత్తవారికి చుక్కలు చూపిస్తాయి. ఆయన స్నేహితుడు దియోనీసియో అగ్వాదో గోళ్లతో మీటేవాడు, సోర్ వేలికొసలతో. ఇద్దరూ కలిసి వాయించడానికి సోర్ ‘ఇద్దరు మిత్రులు’ అనే ద్వయం రాశాడు.

ఇదే బాటలో మత్తేయో కార్కాసి 25 ఎట్యూడ్లు (ఓపస్ 60) వచ్చాయి. ఆలోచనలో సోర్ అంత లోతు లేకపోయినా చేతికి హాయిగా అమరుతాయి. పరీక్షల పాఠ్యప్రణాళికల్లో అవి నేటికీ నిలవడానికి కారణం అదే.

19వ శతాబ్దం చివర స్పెయిన్ గిటారిస్టు ఫ్రాన్సిస్కో తార్రెగా ట్రెమొలోను, అంటే ఒకే స్వరాన్ని మూడు వేళ్లతో వెంటవెంటనే మీటే మెళకువను, ‘అల్హాంబ్రా జ్ఞాపకాలు’ అనే రచనకు ప్రాణం చేశాడు. అది కచేరీల్లో ఎంతగా స్థిరపడిందంటే, దాన్ని వేళ్ల పాఠమని తలచేవారే తక్కువ. సోర్ పాఠాల్లోంచి స్పెయిన్ గిటారు విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా 20 ఏరి 1945లో ప్రచురించాడు. ఆ సెగోవియానే రోజుకు రెండు గంటలు స్కేళ్లు సాధన చేయమని కూడా చెప్పాడు. ఆనందం ఉంటే చాలు, కసరత్తు అక్కర్లేదని ఆయన నమ్మలేదు. బ్రెజిల్ స్వరకర్త హేతోర్ విల్లా లోబోస్ 1929 నాటి 12 ఎట్యూడ్లను ఆయనకే అంకితమిచ్చాడు. మొదటిదాంట్లో కుడిచేతికి ఒకటే ఆర్పెజియో, అది దాదాపు చివరిదాకా మారదు. మారేదల్లా కార్డులే. జూలియాని రెండు కార్డులకు కట్టిపడేసిన అభ్యాసం ఇక్కడ కచేరీ రచనైంది.

క్యూబాలో లియో బ్రౌవర్ 1960ల తొలినాళ్ల నుంచి ‘సరళ ఎట్యూడ్లు’ రాయసాగాడు. చాలావరకు ఒకటి రెండు పేజీలే, ఒక్కోదానికి ఒక్కో చిక్కు. మొదటిదాంట్లో రాగం బొటనవేలిది, అది మంద్రంలో నడుస్తుంటే పై తీగల కార్డులు ఎదురు లయలో పడతాయి. క్యూబా లయలు, ఆధునిక స్వరమేళనాలు కొత్తవారి చేతికీ అందాయి. 2001 నాటి ‘కొత్త సరళ ఎట్యూడ్లు’ పదింటినీ ఆయన ఒక్కో స్వరకర్తకు నివాళిగా రాశాడు. ఆ పదిమందిలో తార్రెగా, విల్లా లోబోస్, సోర్ ఉన్నారు.