అలెగ్జాండ్రోస్: అమ్మమ్మకి నోరు తిరగని పేరు

బర్నబీలో మా అక్కకి బాబు పుట్టాడు. మా బావది గ్రీకు కుటుంబం. బాబుకి "అలెగ్జాండ్రోస్" అని పెడదామన్నాడు. అలెక్స్ కాదు, మొత్తం పేరు. మారేడ్‌పల్లిలో ఉన్న అమ్మమ్మ ఫోన్‌లో విని, "నాకు నోరు తిరగదే తల్లీ. మన పేరు ఒక్కటీ దొరకలేదా?" అంది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. బారసాలకి ఇంకా వారం ఉంది. నేను ఆ పేరు చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

గ్రీకులో "అలెక్సో" అంటే అడ్డుపడి కాపాడటం. "ఆండ్రోస్" అంటే మనిషి యొక్క. రెండూ కలిస్తే, మనుషుల్ని కాపాడేవాడు.

ఈ పేరు వినగానే క్రీ.పూ. 356లో పుట్టిన అలెగ్జాండర్ చక్రవర్తి గుర్తొస్తాడు. కానీ పేరు ఆయన కన్నా చాలా పాతది. క్రీ.పూ. 1280 ప్రాంతంలో హిట్టైట్ రాజు ఒకరు "అలక్సందు" అనే విలుస రాజుతో ఒప్పందం చేసుకున్నాడు. విలుస అంటే ట్రాయ్ నగరమే అని చాలామంది పండితుల అభిప్రాయం.

గ్రీకు పురాణంలో కూడా ఇది ట్రాయ్ పేరే. హెలెన్‌ని తీసుకుపోయిన పారిస్‌కి రెండో పేరు అలెగ్జాండ్రోస్. అతను కడుపులో ఉన్నప్పుడు, తనకి పుట్టిన కాగడా ఊరంతా తగలబెట్టినట్టు తల్లికి కల వచ్చింది. అందుకని బిడ్డని కొండ మీద వదిలేయించారు. ఒక ఎలుగుబంటి పాలిచ్చింది. ఒక పశువుల కాపరి పెంచాడు. పెద్దయ్యాక దొంగల్ని తరిమి మందల్ని కాపాడాడు కాబట్టి అలెగ్జాండ్రోస్ అన్నారు.

తర్వాత ఈ పేరు తూర్పుకి వచ్చింది. అరబ్బీలో "అల్" అనేది మాట ముందు పెట్టే ముక్క. అందుకని మొదటి "అల్" పేరులో భాగం కాదనుకున్నారు. "క్స" తిరగబడి "స్క" అయింది. వారణాసి బనారస్ అయినట్టే! అలా ఇస్కందర్, పారసీలో సికందర్ కూడా. హైదరాబాద్ మూడో నిజాం పేరు సికందర్ జా. 1806లో హుస్సేన్‌సాగర్ ఉత్తరాన ఉన్న ఇంగ్లీషు సైన్యం కంటోన్మెంటుకి ఆయన పేరు పెట్టారు. అదే సికింద్రాబాద్.

ఇదంతా అమ్మమ్మకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పుట్టగానే ఇల్లు వదిలి, పశువుల దగ్గర పెరిగాడా? అయితే మన గోపాలుడే కదే!" అంది. నేను నిజం దాచలేదు. చివరికి ఇతని వల్లే ట్రాయ్ కాలిపోయిందని కూడా చెప్పాను. "ఊరు పోయినా పేరు మిగిలింది కదా. యాభై ఏళ్లుగా ఉత్తరాల మీద నేను రాస్తున్నది నా మునిమనవడి పేరేనన్నమాట" అని నవ్వింది.

బారసాల రోజు వీడియో కాల్‌లో అమ్మమ్మ "ఒరేయ్ సికందర్!" అని పిలిచింది. బాబు నిద్రపోతున్నాడు. బావ మాత్రం పలికాడు.

ఈ వారం నేను నేర్చుకున్న మాట: నోరు తిరగడం. అంటే ఒక మాట తేలికగా పలకగలగడం. మీ ఇంట్లో నోరు తిరగని పేరు ఏది? దాని అర్థం పెద్దవాళ్లకి చెప్పి చూడండి.