దూరపు పరిచయాలు: అండమాన్ తెలుగు విద్యార్థుల కెరీర్ మార్గదర్శనంలో సామాజిక మాధ్యమాలు

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. దాదాపు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్ స్వరాజ్ ద్వీప్, రంగత్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి చోట్లకూ చేరింది. అంతకుముందు ఇంటర్నెట్‌కు ఉపగ్రహాలే ఆధారం; ఇప్పుడు వేగం పెరిగింది. మరి జవహర్‌లాల్ నెహ్రూ రాజ్‌కీయ మహావిద్యాలయ (ప్రభుత్వ కళాశాల)లోనో, పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఇక్కడ నడిపే ప్రాంగణంలోనో చదివే విద్యార్థికి ఈ వేగం ఉద్యోగ జీవితంలో దేనికి పనికిరావాలి? ఉద్యోగ నోటిఫికేషన్లు చేరవేయడానికే అనుకుంటే చాలా పోగొట్టుకున్నట్టే. పరిచయాల పరిధిని పెంచడమే దాని అసలు ఉపయోగమని ఈ వ్యాసం వాదన.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లోని 3,80,581 మందిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు వీరిలో ఎన్నో ఉన్నాయి. కొత్తగా ఓడ దిగినవాళ్లకు నీడా, పనీ చూపించేది అయినవాళ్లే. ఆ అండ చిన్నది కాదు. కానీ అయినవాళ్లు ఎంత ప్రేమతో చెప్పినా తాము నడిచిన దారే చెప్పగలరు: వేట, హార్బరు, దుకాణం, లేదంటే సర్కారు కొలువు.

సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో బోస్టన్ శివారు ఉద్యోగుల గురించి రాసింది ఇక్కడా చాలావరకు వర్తిస్తుంది. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో 55.6 శాతం మందికి దారి చూపింది అప్పుడప్పుడు కలిసేవారు, 27.8 శాతం మందికి అరుదుగా కలిసేవారు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన లింక్డ్‌ఇన్ ప్రయోగం రెండు కోట్ల మంది మీద ఇదే పరీక్షించింది. మరీ దగ్గరివీ, మరీ దూరపువీ కాని ఓ మోస్తరు పరిచయాలే ఉద్యోగ మార్పుకు ఎక్కువ తోడ్పడ్డాయి. డిజిటల్ వాడకం తక్కువున్న రంగాల్లో మాత్రం దగ్గరి బంధాలదే పైచేయి. కాబట్టి చేపల వ్యాపారంలోకి వెళ్లాలనుకునే అమ్మాయికీ, సముద్ర జీవశాస్త్ర పరిశోధన వైపు చూసే అబ్బాయికీ ఒకే సలహా ఇవ్వడం తప్పు. ఆమెకు మేనమామ ఫోన్ నంబరే లింక్డ్‌ఇన్ ఖాతాకన్నా విలువైనది కావచ్చు.

రెండోవాడికి నేర్పాల్సింది మొదటి సందేశం రాయడం. “సార్, ఏదైనా ఉద్యోగం ఇప్పించండి” అంటే జవాబు రావడం కష్టం. “మన కాలేజీలో మీకు జూనియర్ని. మీ ల్యాబ్‌లో చేరిన మొదటి ఏడాది కొత్తగా ఏం నేర్చుకోవాల్సి వచ్చింది?” అంటే అవతలివారు చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆ సీనియర్ విశాఖలో ఉన్నా, కొచ్చిలో ఉన్నా సరే. తరగతిలో ఇలాంటివి రాయించి, చదివించి, దిద్దాలి.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నోటిఫికేషన్ల సంగతీ నేర్పక తప్పదు. రిజిస్ట్రేషన్ ఫీజు పేరుతో వ్యక్తిగత యూపీఐకి డబ్బు పంపమన్నారంటే అది మోసమే. వెబ్‌సైటు చిరునామా, ప్రకటన తేదీ చూసుకోవడం అలవాటు కావాలి.

ఇదంతా ఆఖరి సెమిస్టర్లో ప్లేస్‌మెంట్ సెల్ చేసే హడావిడి పని కాకూడదు. పరిచయం పరిచయంగా నిలవడానికి ఏడాదైనా పడుతుంది గనుక, పూర్వ విద్యార్థుల జాబితా మొదటి సంవత్సరంలోనే విద్యార్థుల చేతికి రావాలి.