కండబలానికి మారువేషం: తెరమీద బలవంతురాలి చరిత్ర

కొల్లేటి నడుమ కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. ఫాల్గుణంలో జరిగే జాతరకు లంక గ్రామాల జనమంతా కదిలివస్తారు. ఆ కోట చుట్టూ ఒక ఐతిహ్యం అల్లుకుని ఉంది. ఒరియా సేనాని ఒకడు ఆ కోటలో తలదాచుకున్నాడట. చిగురుకోట దగ్గర విడిసిన శత్రువు కొల్లేటి నీటిని సముద్రంలోకి తీసేసి కోట మీద పడదామని ఉప్పుటేటి వైపు కాలవ తవ్వించబోయాడట. అప్పుడు సేనాని దేవతలను మెప్పించడానికి కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. ఆ కాలవకు పేరంటాల కనమ అనే పేరు అలా వచ్చిందంటారు.

ఐతిహ్యం చరిత్ర కాకపోవచ్చు. కాని దాన్ని చెప్పుకుంటూ వచ్చిన సమాజపు చరిత్ర అందులో తప్పకుండా ఉంటుంది. ఒకే కోటలో దేవత అయిన స్త్రీకి బలం దక్కింది, కూతురైన స్త్రీ బలి అయింది. ఈ ఇద్దరికీ కథలో చోటుంది. చోటు దొరకనిది మూడో ఆమెకు. మోకాటిలోతు బురదలో వంగి నాట్లు వేసే మనిషి, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని గట్ల వెంబడి నడిచే మనిషి, కుప్ప నూర్చే మనిషి. ఆమె భుజాలకు కండ ఉంది. ఆ కండను ఏ వ్యాయామశాలా ఇవ్వలేదు, శ్రమ ఇచ్చింది. మన పురాణం, నాటకం, సినిమా ఈ కండను ఏం చేశాయన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న.

ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ 1957 నాటి 'మాయాబజార్'. ఆ సినిమాకీ ఈ ప్రాంతానికీ ఉన్న బంధం చిన్నది కాదు. ఘటోత్కచుడిగా నటించిన ఎస్.వి. రంగారావు నూజివీడులో పుట్టాడు. లక్ష్మణకుమారుడిగా నటించిన రేలంగి వెంకట్రామయ్య తాడేపల్లిగూడెంలో స్థిరపడి, అక్కడ తన పేరుతో సినిమా హాలు కట్టించి, 1975లో అక్కడే కన్నుమూశాడు. వ్యాసభారతంలో శశిరేఖ కథ లేదు. అది జనం నోళ్ళలో పెరిగి, నాటకాల మీదుగా తెరకెక్కిన కథ. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన దానికి స్థిరరూపం ఇచ్చాయి. అనుసరణ అంటే ఏమిటో చదువుకునే విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఇందులో హిడింబను చూడండి. భారతంలో ఆమె సామాన్యురాలు కాదు. పాండవులందరినీ మోసుకుపోగలనని చెప్పిన స్త్రీ, ఆకాశాన సంచరించే స్త్రీ. అయితే భీముడి ఎదుటికి వచ్చేటప్పుడు మాత్రం తన రూపం విడిచి సుందరమైన మానవరూపం ధరించింది. బలమున్న స్త్రీ ప్రేమను కోరాలంటే ముందు బలాన్ని కనపడకుండా చేసుకోవాలన్న షరతు అక్కడే మొదలైంది. తెర మీదికొచ్చేసరికి ఆ షరతు కూడా అవసరం లేకపోయింది. 'మాయాబజార్'లో సూర్యకాంతం వేసిన హిడింబ ఘటోత్కచుడి తల్లి మాత్రమే. కుటుంబ ధర్మాన్ని కొడుక్కి గుర్తుచేయడం ఆమె పని. గద, ఘనాకారం, అట్టహాసం అన్నీ కొడుకు పాలయ్యాయి.

మరి ఆ సినిమాలో బలమున్న స్త్రీ ఎవరు? మాయాశశిరేఖ. సావిత్రి శరీరంలో ఘటోత్కచుడు. పెళ్ళిపీటల మీద రేలంగి పాదం తొక్కి నలిపి, చెయ్యి పిసికి ఏడిపించే ఆ దృశ్యానికి మూడు తరాల ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వారు. సావిత్రి నటనాశక్తికి అది శిఖరం. కాని ఎందుకు నవ్వాం? ఆ సుకుమారమైన చేతిలో మగవాడి బలం ఉందని మనకు ముందే తెలుసు గనుక. నిజమైన శశిరేఖే లక్ష్మణకుమారుడి చెయ్యి పిసికి ఉంటే నవ్వేవాళ్ళమా? తెలుగు తెర మీద అందరూ మెచ్చిన బలవంతురాలు నిజానికి మారువేషంలో ఉన్న మగవాడు. నటి గొప్పతనాన్ని కాస్త పక్కన పెట్టి, విమర్శకుడు ఈ విషయాన్ని గుర్తించక తప్పదు.

ఇదంతా సినిమావాళ్ళ నేరమేనని తప్పించుకోవడానికి కూడా వీల్లేదు. మన కావ్యాలే దారి చూపాయి. పోతన భాగవతంలో సత్యభామ నరకుడితో యుద్ధం చేస్తుంది. ఆ యుద్ధవర్ణనలో ఒక కంట వీరం, మరో కంట శృంగారం. శత్రువును చూసే చూపూ ప్రియుణ్ణి చూసే చూపూ ఒకేసారి వర్ణించిన కవి ప్రతిభ సాటిలేనిది. కాని ఆ ప్రతిభే ఆమె విల్లు పట్టిన భుజాన్ని అలంకారంగా మార్చింది. చివరికి నరకుణ్ణి చంపేది కృష్ణుడి చక్రం. 1960 'దీపావళి' సినిమాలో సావిత్రి సత్యభామగా, రంగారావు నరకాసురుడిగా ఎదురెదురుగా నిలిచారు. అక్కడ కూడా శరీరంతో భయపెట్టేది రంగారావే.

ప్రమీల కథ మరో అడుగు ముందుకు వేస్తుంది. జైమిని భారతంలోని ఈ కథలో స్త్రీలే ఏలే రాజ్యం ఉంది, అశ్వమేధపు గుర్రాన్ని కట్టేసే ధైర్యం ఉంది. 1965లో 'ప్రమీలార్జునీయం'గా ఎన్.టి. రామారావు, బి. సరోజాదేవిలతో తెరకెక్కింది. రాజ్యమంతా స్త్రీలది, ఆయుధాలు స్త్రీలవి, ముగింపు మాత్రం అర్జునుడితో పెళ్ళి. ఆమె రాజ్యాన్ని కథ ఒప్పుకున్నది దాన్ని కరిగించడానికే. పాశ్చాత్య దేశాలలో కూడా ఇదే జరిగింది. 1941లో అమెరికన్ కామిక్ పత్రికల్లో పుట్టిన వండర్ వుమన్ కూడా ఇలాంటి స్త్రీ రాజ్యం నుంచే వచ్చింది. 2017లో ఒక స్త్రీ దర్శకత్వంలో వచ్చిన సినిమాలో, ఆ దీవిలోని యోధురాళ్ళ వేషాలు పలువురు నిజమైన క్రీడాకారిణులు వేశారు. కండలు దేరిన ఆ భుజాలు, తొడలు తెర మీద కనిపించినంతసేపూ ప్రేక్షకురాలికి కొత్త ఊపిరి. కాని కథ త్వరగానే ఆ దీవిని విడిచిపెట్టి, నాజూకైన ఒక్క కథానాయిక వెంట లోకంలోకి వెళ్ళిపోతుంది.

పురాణం నుంచి చరిత్రకు వద్దాం. తాడేపల్లిగూడేనికి దగ్గరలోనే ఉన్న నిడదవోలు, కాకతి రుద్రమ భర్త చాళుక్య వీరభద్రుడి ఊరు. 1262 నుంచి 1289 వరకు ఏలిన రుద్రమను శాసనాలు రుద్రదేవ మహారాజు అని పురుషనామంతో పేర్కొన్నాయి. సింహాసనానికి పుంలింగం కావలసివచ్చిన కాలమది. 2015లో గుణశేఖర్ తీసిన 'రుద్రమదేవి' ఆ శాసనభాషను ఒక రహస్యంగా మార్చింది. ఆడపిల్లను మగపిల్లవాడిగా లోకాన్ని నమ్మించి పెంచడం ఆ కథకు ఇరుసు. అనుష్క కత్తి తిప్పింది, గుర్రమెక్కింది. పెద్ద వ్యయంతో ఒక స్త్రీని మధ్యలో నిలబెట్టి తీసిన ఆ ప్రయత్నాన్ని తక్కువ చేయకూడదు. అయినా ఇక్కడ కూడా బలం మారువేషంలోనే ఉంది, సౌందర్యం వేషం విప్పినప్పుడు బయటపడింది. 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమ మరణాన్ని సూచిస్తుంది. అప్పటికి ఆమె వయసు మళ్ళిన మనిషి. ముడతలు పడిన చర్మం కింద ఇంకా గట్టిగా ఉన్న యోధురాలి చెయ్యిని చూపించాలన్న కోరిక మన తెరకు కలగలేదు.

సాంఘిక చిత్రాలు వేరే తోవ తొక్కాయి. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ 'రౌడీరాణి'లో విజయలలిత తుపాకి పట్టింది. 1990లో 'కర్తవ్యం'లో విజయశాంతి పోలీసు అధికారిగా జాతీయ అవార్డు పొందింది. ఇవి నిజమైన ముందడుగులు. కాని మొదటిదానికి ఊతం పగ, రెండోదానికి ఊతం యూనిఫారం. రోజుకూలికి పోయే స్త్రీకి ఉండే మామూలు బలం, పగా అధికారమూ లేకుండా ఉన్న బలం, కథావస్తువు కాలేదు.

ఇక సూపర్‌హీరోలు. 1980లో ఎన్.టి. రామారావుతో తెలుగు 'సూపర్‌మేన్' వచ్చింది. అక్కడ శక్తి వేరే గ్రహం నుంచి రాలేదు, ఆంజనేయుడి అనుగ్రహంగా వచ్చింది. విదేశీ బొమ్మకు మన పురాణం ప్రాణం పోసిందన్నమాట. సరిగ్గా ఆ సంవత్సరమే అమెరికాలో షీ-హల్క్ అనే కామిక్ పాత్ర పుట్టింది. న్యాయవాది అయిన ఒక స్త్రీకి, రక్తం ఎక్కించడం ద్వారా, మేనబంధువైన పురుషుడి నుంచి మహాబలం వస్తుంది. ఆ పాత్ర 2022లో ధారావాహికగా తెరకెక్కినప్పుడు, కామిక్‌లో ఉన్న కండ తెర మీద తగ్గిపోయిందని చాలామంది ప్రేక్షకులు విమర్శించారు. ఇది ఆలోచించదగిన విషయం. నటికి కండలు లేవనే సాకు అక్కడ చెల్లదు. ఆ దేహం కంప్యూటర్ గీసింది. ఎంత కావాలంటే అంత గీయవచ్చు. అడ్డం పడింది సాంకేతిక పరిజ్ఞానం కాదు, అభిరుచి. ఆ అభిరుచిని తయారుచేసేది మార్కెట్టు.

2024లో వచ్చిన 'హనుమాన్'లో కూడా శక్తి తమ్ముడికి మణి రూపంలో దొరుకుతుంది. అతన్ని పెంచిన అక్క అంజమ్మకు, వరలక్ష్మీ శరత్‌కుమార్ వేసిన పాత్రకు, ఏ మణీ లేదు. అయినా ఆమె తిరగబడి కొట్టగలదు. ఆ సినిమాలో అచ్చమైన బలం ఆమెదే. కాని కథ ఆమె మరణాన్ని తమ్ముడి ఆగ్రహానికి మెట్టుగా వాడుకుంది. కొల్లేటికోట సేనాని కూతురు మళ్ళీ గుర్తుకు రావడం లేదూ?

'ప్రేక్షకులు కోరేదే మేం ఇస్తున్నాం' అని చిత్ర వ్యాపారులు అనవచ్చు. దానికి జవాబు 2000 సెప్టెంబరులో సిడ్నీలో దొరికింది. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆ భుజాలను చూసి దేశం ముఖం తిప్పుకోలేదు, గర్వపడింది. జనానికి కండ ఉన్న స్త్రీ అంటే ఏవగింపు లేదు. 2017 'గురు'లో రితికా సింగ్ నిజంగా శిక్షణ పొందిన దేహంతో, దెబ్బకు దెబ్బ తీసే పేదింటి పిల్లగా నిలిచినప్పుడు కూడా ప్రేక్షకులు ఆదరించారు. అయితే ఆ సినిమా పేరు మాత్రం శిక్షకుడిదే.

గురజాడ దేశభక్తి గీతం తిండినీ కండనూ మనిషితనాన్నీ ఒక్క ముడిగా వేసింది. మన అభ్యుదయ సాహిత్యానికి అది పునాదిరాయి. ఆ ముడిలో మనిషి పుంలింగంలోనే ఉండిపోయాడు. దాన్ని స్త్రీలింగంలోకి విప్పవలసిన బాధ్యత తర్వాతి తరాలది, అంటే మనది. సినిమా ఎప్పుడూ ఏదో ఒక కథ మీద, నాటకం మీద, నవల మీద ఆధారపడుతూనే ఉంటుంది. మన కథల్లో కూలి స్త్రీని వర్ణించేటప్పుడు చిక్కిన డొక్కల గురించి, చిరిగిన చీర గురించి రాస్తాం. జాలి పుట్టించడానికి అవి చాలు. ఆమె ఎత్తగలిగే బరువు ఎంతో రాయం. నారుకట్ట విసిరే మణికట్టు గురించి, తట్ట ఎత్తుకునేటప్పుడు బిగిసే మెడనరాల గురించి రాయం. రాయని దాన్ని తెర ఎలా అనుసరిస్తుంది?

ఏలూరు నుంచి కైకలూరు వైపు వెళ్ళే దారిలో, పొద్దు పొడవక ముందే తట్టలతో నడిచే ఆడవాళ్ళు ఎదురవుతారు. తట్ట దించుకోవడానికి ఒకరికొకరు చెయ్యి అందిస్తారు. ఆ చేతికి మణి లేదు, యూనిఫారం లేదు, మారువేషం లేదు. ముందు ఆ చెయ్యి మన వాక్యంలోకి రావాలి. తెర సంగతి తర్వాత చూద్దాం.