జఠరమునకు తొలిసారి కత్తి పట్టి గెలిచిన వైద్యుడు : థియొడోర్ బిల్‌రోత్

నేను వైద్యవిద్యార్థిగా ఉన్న రోజులలో ‘బిల్‌రోత్-2’ అనే మాట శస్త్రచికిత్సాగారములో తరచు వినబడేది. చిన్నప్రేవు మొదట్లో పుండుతోనో, జఠరములో కాన్సరుతోనో వచ్చినవారికి ఆ శస్త్రచికిత్స చేసేవారు. రిట్రాక్టర్లు పట్టుకొని నిలబడడము మా వంతు. బిల్‌రోత్ అన్నది ఒక మనిషి పేరని నాకు చాలా కాలము తట్టలేదు.

ఆయన 1829లో జర్మనీ ఉత్తరతీరమున ర్యూగెన్ ద్వీపములో జన్మించారు. సంగీతముపై మక్కువ ఎక్కువ. తరువాతి కాలములో సంగీతకర్త బ్రామ్స్‌కు ఆప్తమిత్రులైనారు. 1860లో జ్యూరిక్‌లోను, 1867లో వియన్నాలోను శస్త్రవైద్యాచార్య పదవిని స్వీకరించారు. జ్యూరిక్‌లో తాను చేసిన శస్త్రచికిత్సల ఫలితాలను, మరణాలతో సహా దాచకుండా ఆయన అచ్చు వేయించారు. విజయాలను మాత్రమే చెప్పుకొనే అలవాటున్న ఆ రోజులలో అది సామాన్యమైన విషయము కాదు. ఈ రోజులలో మాత్రము అది సామాన్యమా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పలేను.

జఠరమును కోయడము ఎందుకంత కష్టమో పాఠకులకు చెప్పాలి. అందులో ఆమ్లము ఉంటుంది. కోసి కుట్టిన చోట ఒక్క కుట్టు వదులైనా ఆ ద్రవము ఉదరకుహరములోనికి కారి, ఉదరవేష్టనము వాచి, రోగి కొద్దిరోజులలో మరణిస్తాడు. పైగా జఠరపు నోరు వెడల్పు, దానికి అతకవలసిన ప్రేవు నోరు సన్నము. 1879లో ప్యారిస్‌లో పెయాన్, 1880లో పోలండు దేశీయుడైన రిడిగియర్ కాన్సరు సోకిన జఠరభాగమును తొలగించారు. ఆ రోగులిద్దరూ కోలుకోలేదు.

బిల్‌రోత్ తొందరపడలేదు. ఆయన శిష్యులు గుసెన్‌బావర్, వినివార్టర్ ముందుగా కుక్కలపై ప్రయోగాలు చేసి, జఠరములో కొంత భాగము తీసివేసినా జీవి బ్రతుకగలదని నిరూపించారు. మృతుల పరీక్షలలో నమోదైన వివరాలను కూడా వారు పరిశీలించారు. జఠర నిర్గమద్వారము వద్ద కాన్సరుతో మరణించినవారిలో కొందరికి వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించలేదని వాటివలన తెలిసింది. కోసి తీస్తే ప్రయోజనము ఉండవచ్చునన్న ఆశకు ఆధారము అదే.

1881 జనవరి 29న ఆ అవకాశము వచ్చింది. తెరీస హెల్లర్ అనే 43 సంవత్సరాల స్త్రీ, చాలామంది బిడ్డల తల్లి, కొన్ని నెలలుగా ఏమి తిన్నా వాంతి చేసుకొంటూ చిక్కి శల్యమైనది. పులిసిన పాలు తప్ప మరేదీ ఇమిడేది కాదు. మన ఇళ్ళలో జబ్బుమనిషికి చివరికి మజ్జిగ ఒక్కటే మిగిలినట్లు. శస్త్రచికిత్సకు ముందు ఆమె జఠరమును గోరువెచ్చని నీటితో కడిగారు. క్లోరోఫాము కలిసిన మత్తు ఇచ్చారు. కార్బాలిక్ ఆమ్లముతో శుద్ధిచేసిన పట్టుదారముతో సుమారు 50 కుట్లు వేశారు. వెడల్పైన జఠరపు నోటిని కొంత మేర కుట్టి సన్నము చేసి, మిగిలిన రంధ్రమునకు ప్రేవును అతికారు. మొత్తము గంటన్నర పట్టింది. ఆ కాలమున రక్తమెక్కించే సౌకర్యము లేదు, సిరలద్వారా ద్రవాలిచ్చే అలవాటు లేదు, యాంటీబయాటిక్స్ అసలే లేవు. ఆమె కోలుకొని ఇంటికి వెళ్ళింది.

కొన్ని రోజులలోనే బిల్‌రోత్ వియన్నాలోని వైద్యపత్రిక సంపాదకునికి లేఖ వ్రాసి, ఆ వివరాలను లోకమునకు తెలిపారు. కాని కథ అక్కడితో ముగియలేదు. సుమారు నాలుగు నెలలకు ఆమె మరణించింది. మృతదేహమును పరీక్షిస్తే కుట్లు చక్కగా అతుక్కొని ఉన్నాయి. కాన్సరు మాత్రము కత్తికి అందని చోట్లకు అప్పటికే పాకింది. శస్త్రవైద్యుడు గెలిచాడు, వ్యాధి ఓడలేదు. తరువాతి రోగులలోనూ మరణాలు సంభవించాయి.

నేను విన్న ‘బిల్‌రోత్-2’ పుట్టినది 1885లో. ఒక రోగి బాగా బలహీనముగా ఉండడముచేత, ముందుగా జఠరమును చిన్నప్రేవు మధ్యభాగమునకు కలిపి ఆపి, గడ్డను మరొకసారి తీద్దామనుకొన్నారు. రోగి తట్టుకొంటున్నాడని చూసి అదే పూట గడ్డను తీసివేసి, ప్రేవు మొదటి భాగపు నోటిని కుట్టివేశారు. అనుకోకుండా కలిసివచ్చిన ఆ ఏర్పాటును తరువాతి తరాలు అనుసరించాయి.

బిల్‌రోత్ 1894లో మరణించారు. తరువాతి శతాబ్దములో జఠరము చుట్టూ ఉండే రసగ్రంథులను కూడా క్రమపద్ధతిలో తొలగించే శస్త్రచికిత్సను జపాన్ వైద్యులు తీర్చిదిద్దారు. వారెన్, మార్షల్ కనుగొన్న హెలికోబాక్టర్ పైలోరై అనే సూక్ష్మజీవి జఠరములో చాలాకాలము నివసిస్తే కాన్సరు ముప్పు పెరుగుతుందని తేలింది. దానిని మందులతో నిర్మూలించవచ్చును. నా ఉద్యోగకాలములో వచ్చిన రోగులు చాలామంది తెరీస హెల్లర్ వలె వాంతులు మొదలై, బరువు తగ్గి, నెలల తరబడి గ్యాసు మందులు మ్రింగిన తరువాతే వచ్చేవారు. పొట్ట తెరిచి, కాలేయముపై తెల్లని గడ్డలు చూసి, ఏమీ తీయకుండానే మూసివేసిన రోజులు నాకింకా గుర్తున్నాయి. ఆకలి మందగించడము, కొద్దిగా తినగానే పొట్ట నిండినట్లుండడము, నల్లని విరేచనము, కారణము తెలియని రక్తహీనత నడివయసు దాటినవారిలో కనిపిస్తే ఎండోస్కోపీ చేయించాలి. దానికి సాధారణముగా పావుగంటకు మించి పట్టదు.