ఒకే ఓటర్లు, రెండు ఫలితాలు

1812లో మసాచుసెట్స్ ఓటర్లు ఒకే ఏడాదిలో రెండు రకాల ఫలితాలిచ్చారు. గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీని ఓడించి ఫెడరలిస్టు అభ్యర్థిని గెలిపించారు. దిగువ సభ కూడా ఫెడరలిస్టులకే దక్కింది. రాష్ట్ర సెనేట్ మాత్రం గెర్రీ పార్టీ అయిన డెమొక్రటిక్-రిపబ్లికన్ల చేతిలోనే ఉండిపోయింది. ఓట్లు ఫెడరలిస్టులకే కాస్త ఎక్కువ పడ్డా, 40 స్థానాల్లో 29 గెర్రీ పక్షానికి వెళ్లాయి. జనం మనసు మధ్యలో మారలేదు. గవర్నర్ ఎన్నికకు రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం, అక్కడ గీయడానికి సరిహద్దులే లేవు. సెనేట్ నియోజకవర్గాలను మాత్రం ఆ ఫిబ్రవరిలోనే పాలకపక్షం తనకు అనువుగా మార్చుకుంది, ఆ బిల్లుపై గెర్రీ సంతకం పెట్టాడు. ఎసెక్స్ కౌంటీలో వంకర్లు తిరిగిన ఒక నియోజకవర్గానికి రెక్కలూ గోళ్లూ తగిలించి బోస్టన్ గెజెట్ మార్చి 26న బొమ్మ వేసింది. సొంత పక్షానికి అనువుగా హద్దులు గీసే పనికి గెర్రీ పేరు కలిసిన ‘జెర్రీమాండర్’ అన్న మాట అప్పటి నుంచే ఉంది. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసి, తర్వాత ఉపాధ్యక్షుడు కూడా అయిన మనిషిని లోకం ఇలా గుర్తుపెట్టుకోవడం కొంత అన్యాయమే. ఆ పటం గీసింది ఆయన కాదు.

బొమ్మ కన్నా ఆ రెండు ఫలితాల మధ్య తేడాయే నాకు ముఖ్యంగా తోస్తుంది. పార్టీ ప్రయోజనం కోసం గీసిన పటాలను కొట్టివేయమని అడిగినప్పుడు అమెరికా సుప్రీంకోర్టు తరచూ ఒకే చిక్కు దగ్గర ఆగిపోయింది: ఎంత పక్షపాతం ఉంటే హద్దు మీరినట్టో తేల్చే కొలబద్ద ఏది? కొలబద్ద లేదనడం సరికాదని నా అభిప్రాయం. అదే ఓటర్లు గీతలు లేని ఎన్నికలో ఏం చెప్పారు, గీతలున్న ఎన్నికలో వాళ్ల మాట ఏమైంది అన్న పోలిక 1812 నుంచీ మన కళ్ల ముందే ఉంది. కోర్టులకు కొరవడింది దాన్ని వాడే తెగువ.

ఈ సంకోచం పాతదే, దాన్ని కోర్టు ఒకసారి దాటింది కూడా. 1946లో ఇల్లినాయ్ నియోజకవర్గాల కేసులో జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ ఈ రాజకీయ ముళ్లపొదల్లోకి కోర్టులు దిగకూడదన్నాడు. టెనెసీ రాష్ట్రం 1901 తర్వాత అరవై ఏళ్లపాటు నియోజకవర్గాలను ముట్టుకోలేదు. పల్లెలు ఖాళీ అయి పట్నాలు నిండినా సీట్లు ఉన్నచోటే ఉన్నాయి. 1962లో ‘బేకర్ వర్సెస్ కార్’ తీర్పు ఈ ఫిర్యాదుకు తలుపు తెరిచింది. మరో రెండేళ్లలో నియోజకవర్గాల జనాభా దాదాపు సమానంగా ఉండాలన్న సూత్రం స్థిరపడింది. ముందు కొలబద్ద దొరికి తర్వాత కోర్టు లోపలికి రాలేదు. కోర్టు వచ్చాకే కొలబద్ద తయారైంది.

1946, 1962 తీర్పుల నడుమ నడిచిన అలబామా కేసు ఇంకా స్పష్టమైనది. 1957లో టస్కీగీ పట్టణ సరిహద్దును ఆ రాష్ట్ర శాసనసభ మార్చేసింది. చతురస్రంగా ఉన్న పట్టణం 28 భుజాల ఆకారమైంది. దాదాపు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ పట్టణం వెలుపల పడ్డారు, తెల్లజాతి ఓటరు ఒక్కరూ బయటికి పోలేదు. టస్కీగీ ఇన్‌స్టిట్యూట్‌లో సామాజిక శాస్త్రం బోధించే చార్లెస్ గోమిలియన్, మరికొందరు కోర్టుకెక్కారు. పట్టణ హద్దులు గీయడం తమ సొంత అధికారమని రాష్ట్రం వాదించింది. 1960లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చింది, తీర్పు రాసింది అదే ఫ్రాంక్‌ఫర్టర్. శాసనకర్తల మనసులో ఏముందో తవ్వి తీయాల్సిన పని పడలేదు, గీతకు లోపల ఎవరున్నారో బయట ఎవరున్నారో లెక్క చూస్తే ఉద్దేశం అందులోనే బయటపడింది.

జాతి విషయంలో రాజ్యాంగంలో పదిహేనో సవరణ ఉంది, పార్టీ విషయంలో అలాంటిదేమీ లేదన్నది దీనికి వచ్చే జవాబు. చట్టం దృష్టిలో ఆ తేడా నిజమే. కానీ నల్లజాతి ఓటర్లలో అత్యధికులు ఒకే పార్టీకి ఓటేసే దక్షిణాది రాష్ట్రాల్లో ఆ తేడా కవచంగా మారింది. నార్త్ కరొలైనాలో జాతి ప్రాతిపదికన గీశారని 2016లో కోర్టు పాత పటాన్ని కొట్టేసింది. శాసనసభలోని రిపబ్లికన్ నాయకులు ఈసారి జాతి లెక్కలు పక్కనపెట్టి పార్టీ లెక్కతోనే గీస్తున్నామని బహిరంగంగా ప్రకటించారు. 13 సీట్లలో పది రిపబ్లికన్లకు, మూడు డెమొక్రాట్లకు వచ్చేలా గీద్దామనీ, 11-2గా గీయడం సాధ్యం కాదు కాబట్టే ఇలా అంటున్నాననీ సభ్యుడు డేవిడ్ లూయిస్ కమిటీలోనే చెప్పాడు. ఆ నవంబరులో సరిగ్గా 10-3 వచ్చింది. నేరాన్ని దాచాల్సిన అవసరమే లేకుండా పోయింది, ఎందుకంటే అది నేరమని సుప్రీంకోర్టు ఎన్నడూ అనలేదు.

నార్త్ కరొలైనా పటంపై అలా అనడానికి అవకాశం 2019 జూన్ 27న వచ్చింది. డెమొక్రాట్లు తమకు అనుకూలంగా గీసుకున్న మేరీలాండ్ పటం కూడా ఆ రోజు కోర్టు ముందే ఉంది కాబట్టి ఇది ఒక పార్టీ గోడు అనడానికి వీల్లేదు. 5-4 మెజారిటీతో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాసిన తీర్పు, ఇటువంటి ఫలితాలు అన్యాయంగా కనిపిస్తాయని ఒప్పుకుంటూనే, ఇది ఫెడరల్ కోర్టుల పరిధిలోకి రాని రాజకీయ ప్రశ్న అని తేల్చింది. సీట్లు ఓట్ల నిష్పత్తిలో రావాలని రాజ్యాంగం ఎక్కడా చెప్పదన్నది ఆయన ప్రధాన వాదన. దాని వెనక బలమైన వాస్తవం కూడా ఉంది. డెమొక్రాట్లు నగరాల్లో గుంపుగా ఉంటారు, అందువల్ల ఏ దురుద్దేశమూ లేని పటంలోనూ వాళ్లకు సీట్లు తగ్గవచ్చు. అయితే ఈ అభ్యంతరానికి జవాబు అదే కేసు రికార్డులో ఉంది. పార్టీ లాభం మినహా నార్త్ కరొలైనా తానే పెట్టుకున్న నిబంధనలన్నీ పాటిస్తూ ఒక నిపుణుడు కంప్యూటర్‌తో 3,000 పటాలు గీయించాడు. జనం ఎక్కడ గుంపుగా ఉన్నారో ఆ పటాలన్నిటిలోనూ అలాగే ఉంది. అయినా ప్రతి ఒక్క పటంలోనూ అసలు పటం కన్నా కనీసం ఒక సీటు డెమొక్రాట్లకు ఎక్కువ వచ్చింది. అసమ్మతి తీర్పులో జస్టిస్ ఎలెనా కేగన్ ఎత్తి చూపింది దీన్నే. నిష్పత్తి ఎవరూ అడగలేదు, ఆ రాష్ట్ర భూగోళాన్నే ఆ రాష్ట్రానికి కొలబద్దగా పెట్టమన్నారు.

ఓటరుకు కోపమొస్తే గీత గీసినవాణ్ణి దింపేస్తాడు కదా అన్నది మరో వాదన. విస్కాన్సిన్ దానికి సమాధానం. 2012లో అక్కడ రిపబ్లికన్లకు సగానికన్నా తక్కువ ఓట్లు పడినా 99 అసెంబ్లీ సీట్లలో 60 వచ్చాయి. 2018లో గవర్నర్‌తో సహా రాష్ట్రమంతా ఓటేసిన పదవులన్నీ డెమొక్రాట్లు గెలిచారు, అసెంబ్లీలో మాత్రం రిపబ్లికన్లకు 63. 1812లో మసాచుసెట్స్ చూసిందే మళ్లీ జరిగింది. దింపాల్సినవాడే తన చుట్టూ గీత గీసుకుని కూర్చున్నప్పుడు కోపం ఎంతున్నా చాలదు.

రాష్ట్రాల కోర్టులు ఉన్నాయిగా అని రాబర్ట్స్ సూచించాడు. అది వట్టి మాట కాదు. ఎన్నికలు స్వేచ్ఛగా, సమానంగా జరగాలన్న తమ రాజ్యాంగ వాక్యాన్ని ఆధారం చేసుకుని పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 2018లో పాత పటాన్ని కొట్టేసింది. అంతకుముందు 13-5గా ఉన్న సీట్లు ఆ నవంబరులో 9-9 అయ్యాయి. కానీ అక్కడి న్యాయమూర్తులూ ఎన్నికయ్యేవాళ్లే. నార్త్ కరొలైనా సుప్రీంకోర్టు 2022లో ఇలాంటి పటాన్నే కొట్టేసింది. ఆ ఏడాది ఎన్నికలతో బెంచి మారింది, 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు తన తీర్పును తిరగరాసుకుంది. 7-7గా వచ్చిన సీట్లు 2024లో 10-4 అయ్యాయి. సూత్రాన్ని న్యాయమూర్తుల ఎన్నికకు వదిలేస్తే జరిగేది ఇదే.

గీసే పనిని గెలిచేవాళ్ల చేతిలోంచి తీసేయడం ఇంకో దారి. భారతదేశం 1952 నుంచి ఆ పనిని డీలిమిటేషన్ కమిషన్‌కు అప్పగించింది, 329వ అధికరణతో కోర్టుల జోక్యాన్నీ చాలావరకు ఆపింది. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో నడుస్తున్న చర్చ ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నదే తప్ప గీతను ఏ పార్టీ గీసిందన్నది కాదు. అరిజోనా, కాలిఫోర్నియా, మిషిగన్ కూడా స్వతంత్ర కమిషన్లు పెట్టుకున్నాయి. అయితే ఒక రాష్ట్రం కత్తి దించినప్పుడు పక్క రాష్ట్రమూ దించాలి. 2025 ఆగస్టులో టెక్సస్ జనగణన కోసం ఆగకుండా దశాబ్దం మధ్యలోనే రిపబ్లికన్లకు ఐదు సీట్లు పెంచే లక్ష్యంతో పటం మార్చింది. దానికి బదులుగా కాలిఫోర్నియా ఓటర్లు నవంబరులో తమ కమిషన్ గీసిన పటాన్ని 2030 దాకా పక్కనపెట్టారు. ఏ గీతలూ లేని ఆ రాష్ట్రవ్యాప్త ఓటింగులో జనమే జెర్రీమాండర్‌కు ఒప్పుకోవడం నా వాదనకు ఇబ్బందికరమైన వాస్తవం. ఎదుటి రాష్ట్రాన్ని కట్టడి చేసే చట్టం లేనందుకే వాళ్లు ఒప్పుకున్నారని నేను అనుకుంటున్నాను. అన్ని రాష్ట్రాలకూ ఒకేసారి వర్తించే నియమం పెట్టే అధికారం రాజ్యాంగం మొదటి అధికరణ ప్రకారం కాంగ్రెస్‌కు ఉంది, రాబర్ట్స్ కూడా తన తీర్పులో దాన్నే చూపాడు. స్వతంత్ర కమిషన్లను తప్పనిసరి చేసే బిల్లును ప్రతినిధుల సభ 2019లో ఒకసారి, 2021లో మరోసారి ఆమోదించింది. రెండుసార్లూ అది సెనేట్ దాటలేదు.