అమెరికాలో సామాన్యుని ఓటు, పార్టీల ఆవిర్భావం

స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలో అమెరికాలోని అనేక రాష్ట్రాలు భూమి గాని, ఇతర ఆస్తి గాని కలిగిన పురుషులకే ఓటు ఇచ్చేవి. 1820ల నాటికి ఈ నిబంధన చాలాచోట్ల తొలగిపోయింది.

1824 అధ్యక్ష ఎన్నికలో ఆండ్రూ జాక్సన్‌కు 99, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84 ఎలక్టోరల్ ఓట్లు లభించాయి. మరి ఇద్దరు కూడా బరిలో ఉన్నందున ఎవరికీ సగానికి మించి రాలేదు. నిర్ణయం ప్రతినిధుల సభకు చేరగా, సభ ఆడమ్స్‌ను ఎన్నుకొంది. ఆయనను బలపరచిన సభాపతి హెన్రీ క్లే పిమ్మట విదేశాంగ మంత్రి అయ్యారు. ఇది లోపాయికారీ బేరమని జాక్సన్ వర్గీయులు నాలుగేళ్లపాటు ఊరూరా చాటారు. న్యూయార్క్ నాయకుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ పత్రికలను, స్థానిక సంఘాలను ఒక్కతాటిపై నిలిపి డెమోక్రటిక్ పార్టీకి రూపమిచ్చారు. 1824లో సుమారు 3.5 లక్షల మంది ఓటు వేయగా, 1828లో ఆ సంఖ్య 11 లక్షలు దాటింది. శాసనసభలకు బదులు ప్రజలే ఎలక్టర్లను ఎన్నుకొనే రాష్ట్రాలు పెరగడమూ ఇందుకొక కారణం. జాక్సన్ ఘనవిజయం సాధించారు.

అయితే ఈ ‘సామాన్యుడు’ శ్వేతజాతి పురుషుడు మాత్రమే. దీనిని విడిచి ఆ ఘట్టాన్ని బోధించడం న్యాయం కాదు. న్యూయార్క్ 1821 రాజ్యాంగం శ్వేతజాతి వారికి ఆస్తి నిబంధనను ఎత్తివేస్తూనే, నల్లజాతి వారికి 250 డాలర్ల ఆస్తి ఉండాలని షరతు విధించింది. న్యూజెర్సీలో ఆస్తి గల స్త్రీలకు ఉండిన ఓటు 1807లోనే రద్దయింది. ఇక 1830లో జాక్సన్ సంతకం చేసిన చట్టం ఆదివాసులను మిసిసిపీ నదికి పడమరగా తరలించడానికి దారితీసింది. 1838-39లో చెరొకీలను తరలించినప్పుడు శిబిరాలలోను, దారిలోను వేలమంది మరణించారు.